చెరువు నిజంగానే తగ్గిందా? ఉపగ్రహ చిత్రాలతో తేల్చుకునే పద్ధతి

ఉపగ్రహ చిత్రాలతో పని నేర్చుకుందామని నా దగ్గరికి వచ్చేవాళ్లు కూర్చోగానే ల్యాప్‌టాప్ తెరుస్తారు. నేను మూసేయమంటాను. ఒక కాగితం ఇచ్చి, మీ ప్రాంతంలో మిమ్మల్ని బాధపెడుతున్న సమస్యను ఒక్క వాక్యంలో ప్రశ్నగా రాయమంటాను. "పర్యావరణం పాడైపోతోంది" అని రాస్తే కొట్టేస్తాను. "చెరువులు ఎండిపోతున్నాయి" అన్నా కొట్టేస్తాను. "ఈ చెరువులో జనవరి నెలలో ఉండే నీటి విస్తీర్ణం 2017 నుంచి ఇప్పటికి తగ్గిందా? తగ్గితే ఏ ఒడ్డున తగ్గింది?" అని రాస్తే, అప్పుడు ల్యాప్‌టాప్ తెరవనిస్తాను.

ఆ వాక్యంలో ఎక్కడ, ఎప్పటి నుంచి, దేన్ని కొలవాలి అన్న మూడూ ఉన్నాయి. నాలుగోది కాగితం వెనక రాయిస్తాను: జవాబు వచ్చాక దానితో ఎవరు ఏం చేస్తారు? పూడిక తీయించే శాఖకు ఇస్తారా, వరదసాయం లెక్కకు వాడతారా, కోర్టులో పెడతారా? కోర్టుకు కావలసిన పక్కాతనం వేరు, పంచాయతీ సమావేశంలో చూపించడానికి సరిపోయేది వేరు. ఇది ముందే తేలకపోతే నెలల తరబడి అందమైన రంగుల మ్యాపులు చేస్తూ ఉండిపోతాం. వాటిని ఎవరూ అడగరు.

ఈ వ్యాసంలో ఎక్కువభాగం చెరువు చుట్టూనే తిరుగుతుంది. నీటి లెక్క ఒకసారి చేతికి వస్తే వరద, మంట, గాలి, వేడి అన్నింటికీ అదే ఆలోచన పనికొస్తుంది. వాటి గురించి చివర్లో క్లుప్తంగా చెబుతాను.

ఉపగ్రహానికి ఏం కనబడుతుంది

మామూలు చిత్రాలు తీసే ఉపగ్రహం కొలిచేది వెలుతురును. నేల మీద, నీటి మీద, ఆకుల మీద పడి పైకి వచ్చిన సూర్యకాంతి ఏ తరంగదైర్ఘ్యంలో, అంటే ఏ రంగులో, ఎంత ఉందన్నదే దానికి తెలుసు. "ఇది నీరు", "ఇది పంట", "ఇది కాలిన నేల" అనేవి ఆ అంకెల నుంచి మనం లాగే నిర్ణయాలు. అందుకే వెలుతురులో తేడా తీసుకురాని సమస్య ఇలాంటి ఉపగ్రహానికి కనబడదు. నీళ్లలో కరిగిన ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్ కనబడవు. బురద, పచ్చటి నాచు, నీటి మీద పరుచుకున్న మొక్కలు కనబడతాయి. "శాటిలైట్‌తో నీటి కాలుష్యం కొలిచాం" అని ఎవరైనా అంటే, ఏ కాలుష్యం అని ఒక్క ప్రశ్న వేయండి. సగం మాటలు అక్కడే ఆగిపోతాయి.

నీటికి ఒక మంచి గుణం ఉంది. ఎరుపుకు ఆవల ఉండే, కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని అది దాదాపు పూర్తిగా మింగేస్తుంది. ఆకులు దానికి సరిగ్గా వ్యతిరేకం, ఆ కాంతిని గట్టిగా వెనక్కి పంపుతాయి. మన కళ్లకు రెండూ ముదురాకుపచ్చగా కనిపించినా, పరారుణంలో ఒకటి నల్లగా, ఇంకొకటి తెల్లగా ఉంటుంది. ఈ తేడా మీదే మనం చేయబోయే పనంతా నిలబడి ఉంది.

ఏ ఉపగ్రహం

ప్రశ్న 2016 తర్వాతి కాలానికి సంబంధించినదైతే సెంటినెల్-2 తీసుకోండి. యూరప్ వాళ్ల కోపర్నికస్ కార్యక్రమంలో మొదటి సెంటినెల్-2 ఉపగ్రహం 2015 జూన్‌లో, రెండోది 2017 మార్చిలో పైకి వెళ్లాయి. రెండూ కలిసి తిరుగుతుంటే భూమధ్యరేఖ దగ్గర కూడా 5 రోజులకోసారి అదే చోటుకు వస్తాయి. కాంతిని 13 బ్యాండ్లుగా, అంటే 13 తరంగదైర్ఘ్యాల ముక్కలుగా విడదీసి కొలుస్తాయి. వాటిలో నాలుగింటికి పిక్సెల్, అంటే చిత్రంలో ఒక్క గడి, 10 మీటర్లు. డేటా ఉచితం.

అంతకన్నా వెనక్కి వెళ్లాలంటే అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలే ముఖ్య ఆధారం. మొదటిది 1972లో వెళ్లింది. 30 మీటర్ల చిత్రాలు 1982లో ల్యాండ్‌శాట్ 4 నుంచి మొదలయ్యాయి. ఇప్పుడు 8, 9 కలిసి 8 రోజులకోసారి వస్తున్నాయి. ఒకప్పుడు ల్యాండ్‌శాట్ 7 చిత్రం ఒక్కటి 600 డాలర్లు ఉండేది. 2008లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ పాత చిత్రాలన్నింటినీ ఉచితం చేసింది. మామూలు మనుషులు ఈ పని చేయగలుగుతున్నారంటే, నా దృష్టిలో ఏ సాంకేతికత కన్నా ఆ నిర్ణయమే ముఖ్యం. ఒక హెచ్చరిక: 2003 మే 31న ల్యాండ్‌శాట్ 7లో ఒక భాగం పాడైంది. ఆ తర్వాతి చిత్రాల్లో ఖాళీ చారలు ఉంటాయి. చారల్లో పోయిన నీటిని ఎండిన నీటిగా లెక్కవేయకండి.

ఇస్రో భువన్ పోర్టల్‌లో రిసోర్స్‌శాట్ చిత్రాలు కూడా దొరుకుతాయి. లిస్-3 కెమెరా పిక్సెల్ 23.5 మీటర్లు, అవిఫ్స్‌ది 56 మీటర్లు. అయితే ఒక అధ్యయనంలో ఒకే రకం చిత్రాలు వాడండి. 1995కు ల్యాండ్‌శాట్, 2024కు సెంటినెల్ పెట్టి విస్తీర్ణాలు తీసివేస్తే, వచ్చిన తేడాలో ఎంత చెరువుదో, ఎంత పిక్సెల్‌దో చెప్పలేం. అర హెక్టారు కుంట సెంటినెల్‌లో 50 పిక్సెళ్లు, ల్యాండ్‌శాట్‌లో ఐదారు. ఐదారు పిక్సెళ్ల మీద ధోరణులు చెప్పే ధైర్యం నాకు లేదు.

ముందు ఉన్నదాన్ని చూడండి

సొంతంగా లెక్క మొదలుపెట్టే ముందు గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్ అనే వెబ్‌సైటు తెరవండి. యూరోపియన్ కమిషన్ జాయింట్ రీసెర్చ్ సెంటర్ వాళ్లు 1984 నుంచి ఉన్న ల్యాండ్‌శాట్ చిత్రాలన్నీ జల్లెడ పట్టి, భూమి మీద ప్రతి 30 మీటర్ల గడిలో నీరు ఎంత తరచుగా ఉందో మ్యాపు చేశారు. మీ చెరువు దగ్గరికి జూమ్ చేస్తే అది ఏడాది పొడుగునా నీరుండేదా, కొన్ని నెలలే ఉండేదా, మొత్తంగా పోయిందా అన్నది రంగుల్లో కనబడుతుంది. చాలామంది ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. కొందరి ప్రశ్నే మారిపోతుంది. ఎప్పుడూ నిండుగా ఉండేదనుకున్న చెరువు మూడు దశాబ్దాల కిందట కూడా ఎండాకాలంలో ఎండేదని తేలుతుంది. ఇది తెలియకుండా ముందుకు వెళ్లకూడదు.

అక్కడే 'గరిష్ఠ నీటి విస్తీర్ణం' అనే పొర కూడా ఉంటుంది. దాని చుట్టూ కాస్త వదులుగా ఒక గీత గీయండి. ఇదే మీ చెరువు హద్దు. మ్యాపు గీతలను దాచే జియోజేసన్ ఫైలుగా దాచుకోండి. ఇకపై ఏ తేదీ లెక్క అయినా ఈ గీత లోపలే. ఏటేటా కంటికి కనబడిన ఒడ్డు వెంట కొత్తగా గీసుకుంటూ పోతే పోల్చడానికి ఏమీ మిగలదు.

తేదీలు ఎంచుకోవడం

అక్టోబరు చివరి చెరువును మరో ఏడాది మే నెల చెరువుతో పోల్చిన మ్యాపులు ఫోన్లలో తెగ తిరుగుతుంటాయి. చూడగానే గుండె గుభేల్‌మంటుంది. కానీ అది ఋతువు మారిందని మాత్రమే చెబుతుంది. అన్ని సంవత్సరాలకూ ఒకే నెల, వీలైతే అదే రెండు మూడు వారాలు తీసుకోండి. వర్షాలు వెళ్లిపోయి, ఆకాశం తేలికపడి, నీటి వాడకం ఇంకా పెరగని సమయం మంచిది.

మబ్బుల విషయంలో ఒక చిన్న చిట్కా. వెతికేటప్పుడు "మబ్బు 10 శాతం లోపు" అని ఫిల్టర్ పెడతారు అందరూ. ఆ శాతం మీ చెరువుది కాదు, సుమారు 110 కిలోమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న మొత్తం టైల్‌ది, అంటే డేటాను కోసి ఇచ్చే ఒక్కో చదరం ముక్కది. 5 శాతం మబ్బున్న చిత్రంలో ఆ ఐదు శాతం మీ చెరువు మీదే కూర్చుని ఉండొచ్చు. 60 శాతం మబ్బున్న చిత్రంలో చెరువు శుభ్రంగా కనబడొచ్చు. సెంటినెల్ చిత్రాలు చూపే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో ఉచితంగా ఖాతా తెరిచి, ఆ నెల చిత్రాలన్నీ కంటితో ఒక్కొక్కటే చూసి తీసుకోండి. విసుగు పుట్టే పని, కానీ దీన్ని దాటేసే దారి లేదు.

డేటాలో రెండు రకాలుంటాయి. లెవల్-1సి అంటే వాతావరణం ప్రభావం కూడా కలిసి ఉన్నది. లెవల్-2ఎ అంటే దాన్ని సరిదిద్ది, నేల దగ్గరి విలువలుగా మార్చింది. పోలిక కోసం 2ఎ తీసుకోండి. దానితోపాటే ఒక వర్గీకరణ పొర వస్తుంది: ఏ పిక్సెల్ మబ్బు, ఏది మబ్బు నీడ, ఏది నీరు అని. అందులో 3 అంటే మబ్బు నీడ, 8, 9 అంటే మబ్బు, 10 అంటే పల్చటి మబ్బు. ఈ నాలుగింటినీ తీసేయండి. మబ్బు నీడతో చాలా జాగ్రత్త. నేల మీద పడిన నీడ అంకెల్లో అచ్చం నీటిలాగే ఉంటుంది.

నీటిని లెక్కించడం

సూత్రం ఇంతే: ఆకుపచ్చ బ్యాండ్ విలువలోంచి సమీప పరారుణ విలువ తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. దీన్ని ఎన్‌డీడబ్ల్యూఐ అంటారు. 1996లో మెక్‌ఫీటర్స్ ప్రతిపాదించారు. సెంటినెల్-2లో బి3 (ఆకుపచ్చ), బి8 (సమీప పరారుణ) బ్యాండ్లు వాడితే జవాబు 10 మీటర్ల పిక్సెల్‌తో వస్తుంది. సున్నాకు పైన ఉంటే నీరు, కింద ఉంటే నేల అన్నది మొదటి అంచనా.

నీళ్లు బాగా బురదగా ఉన్నా, చెరువు చుట్టూ ఇళ్లు కట్టడాలు ఉన్నా ఇది తడబడుతుంది. అప్పుడు సమీప పరారుణ బ్యాండ్ స్థానంలో షార్ట్‌వేవ్ పరారుణం, అంటే బి11, పెట్టండి. 2006లో షూ అనే పరిశోధకుడు చేసిన మార్పు ఇది. కట్టడాలను నీటిగా పొరబడడం బాగా తగ్గుతుంది. కాకపోతే బి11 పిక్సెల్ 20 మీటర్లు. చిన్న కుంటలకు ఆ నష్టం భరించలేం. పెద్ద చెరువుకు నేను బి11నే వాడతాను.

సున్నా అనే గీటురాయి అన్ని చోట్లా పనిచేయదు. హద్దు లోపలి విలువలన్నింటికీ హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్ని పిక్సెళ్లకు ఉందో చూపే గ్రాఫు) వేయండి. రెండు గుట్టలు కనబడతాయి, ఒకటి నీటిది, ఒకటి నేలది. మధ్యలో ఉన్న లోయ దగ్గర థ్రెషోల్డ్, అంటే నీటినీ నేలనూ విడదీసే విలువ, పెట్టండి. ఒకసారి పెట్టాక అన్ని సంవత్సరాలకూ అదే. ఒక ఏడాదికి 0, ఇంకో ఏడాదికి 0.15 అని మనకు నచ్చినట్టు జరుపుకుంటూ పోతే, కావలసిన జవాబు దానంతటదే వచ్చేస్తుంది.

ఇక్కడే చాలామంది తెలియకుండా పడే గొయ్యి ఒకటుంది. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 ఫైళ్లలో ప్రతి విలువకూ 1000 కలిపి ఇస్తున్నారు. ఫైలులోని అంకెలోంచి 1000 తీసేసి, 10,000తో భాగిస్తేనే అసలు విలువ. "మనం చేసేది నిష్పత్తే కదా, పైనా కిందా ఒకటే ఉంటే కొట్టుకుపోతుంది" అనిపిస్తుంది. గుణకమైతే కొట్టుకుపోతుంది, కలిపిన అంకె పోదు. తీసివేతలో 1000 మాయమవుతుంది కానీ, కింద కూడికలో 2000 అదనంగా కూర్చుంటుంది. దాంతో 2022 తర్వాత సూచిక విలువలన్నీ సున్నా వైపు కుంచించుకుపోతాయి. థ్రెషోల్డ్ సున్నా కాకుండా ఇంకేదైనా పెట్టుకుని ఉంటే, చెరువు ఒక్క ఏడాదిలో మారిపోయినట్టు కనబడుతుంది. గూగుల్ ఎర్త్ ఇంజిన్ అనే ఆన్‌లైన్ వేదికలో 'హార్మొనైజ్డ్' అని పేరున్న సేకరణ తీసుకుంటే ఈ సర్దుబాటు వాళ్లే చేసి ఇస్తారు. ఫైళ్లు దించుకుని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లు తామే చేసుకోవాలి.

ఇక విస్తీర్ణం. 10 మీటర్ల పిక్సెల్ ఒకటి 100 చదరపు మీటర్లు. వంద పిక్సెళ్లు ఒక హెక్టారు, అంటే సుమారు 2.47 ఎకరాలు. నీటి పిక్సెళ్లు 42,000 వచ్చాయనుకోండి, 420 హెక్టార్లు, దాదాపు 1,037 ఎకరాలు.

అక్కడితో ఆపకండి. ఒడ్డున ఉన్న పిక్సెళ్లలో సగం నీరు, సగం నేల ఉంటుంది. వాటిని ఏదో ఒక వైపు వేశాం. ఒడ్డు పొడవు 12 కిలోమీటర్లైతే, సగం పిక్సెల్ అంటే 5 మీటర్ల మేర అటూ ఇటూ కావచ్చు. 12,000 మీటర్లను 5తో గుణిస్తే 60,000 చదరపు మీటర్లు, అంటే 6 హెక్టార్లు. కాబట్టి రాయాల్సింది "420 హెక్టార్లు, 6 అటూ ఇటూ". పోయినేడాది 424 వచ్చి ఈ ఏడాది 420 వస్తే, చెరువు తగ్గిందని అనడానికి లేదు. 424 నుంచి 370కి పడితే అప్పుడు మాట్లాడాలి. ఇది లోతైన గణాంక పద్ధతి కాదు, చేతి లెక్క. అయినా చాలా మ్యాపుల్లో ఇదీ ఉండదు.

గుర్రపుడెక్క

చెరువు తగ్గిందని లెక్క వచ్చింది. నమ్మే ముందు ఒకటి చూడండి. నీటి మీద గుర్రపుడెక్క పరుచుకుంటే ఉపగ్రహానికి కింద నీరు కనబడదు, పైన ఆకులే కనబడతాయి. ఎన్‌డీడబ్ల్యూఐ దాన్ని నేల అంటుంది. చెరువు నిండుగా ఉన్నా మీ లెక్కలో మూడో వంతు మాయం కావొచ్చు.

దీన్ని పట్టుకోవడం తేలికే. పచ్చదనం సూచిక ఎన్‌డీవీఐ కూడా లెక్కవేయండి. సమీప పరారుణంలోంచి ఎరుపు తీసేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. గ్లోబల్ సర్ఫేస్ వాటర్ మ్యాపులో శాశ్వత నీరు అని ఉన్నచోట ఎన్‌డీవీఐ 0.4, 0.5 దాకా ఎగబాకితే అక్కడ మొక్కలున్నాయి. అవి నీటి మీద తేలుతున్నాయా, ఎండిన అడుగున గడ్డి మొలిచిందా, పంట వేశారా అన్నది తర్వాతి ప్రశ్న. వరుసగా నాలుగైదు తేదీలు చూడండి. గాలికి చోటు మారుతూ ఉంటే తేలే మొక్కే. చాళ్లుగా, గట్లుగా, గళ్లుగా ఉంటే పంట. వీటిలో ఏదో తేల్చలేకపోతే మనిషి వెళ్లి చూడాల్సిందే.

గుర్రపుడెక్క పెరిగిందని తేలితే సమస్య పేరే మారిపోతుంది. నీరు తగ్గలేదు, నీళ్లలోకి మురుగో ఎరువులో వస్తున్నాయేమో చూడాలి. వెళ్లాల్సిన శాఖ వేరు, చేయాల్సిన పని వేరు.

కారణం జోలికి వెళ్లేముందు పక్క చెరువును చూడండి

నేను ఎప్పుడూ పట్టుబట్టేది దీని గురించే. ఒక్క చెరువు చిత్రం, ఎంత స్పష్టంగా ఉన్నా, కారణం చెప్పదు. వర్షం తక్కువ పడి ఉండొచ్చు, పైన కొత్త కట్ట కట్టి ఉండొచ్చు, తూము తెరిచి వదిలి ఉండొచ్చు, మట్టి పోసి పూడ్చి ఉండొచ్చు. అదే వానలు పడే, అదే రకం నేలలో ఉన్న మూడు నాలుగు చెరువులను పక్కన పెట్టుకుని, వాటికీ ఇదే లెక్క, ఇదే థ్రెషోల్డ్, ఇవే తేదీలు వాడండి. అన్నీ కలిసి తగ్గితే ముందు ఆకాశం వైపు చూడండి. మీదొక్కటే తగ్గితే నేల మీద వెతకండి.

వర్షం లెక్కకు చిర్ప్స్ అనే ఉచిత డేటా ఉంది. 1981 నుంచి, సుమారు 5 కిలోమీటర్ల గళ్లలో, ఉపగ్రహ అంచనాలనూ వర్షమాపకాల కొలతలనూ కలిపి చేసింది. ఒక్క గడిని చూడకుండా చెరువు పరీవాహక ప్రాంతం మొత్తానికి ఆ ఏడాది వర్షం కూడండి.

ఈ పోలిక ఎంత బలమైనదో మధ్య ఆసియాలోని అరల్ సముద్రం అనే పెద్ద సరస్సును చూస్తే తెలుస్తుంది. అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని సాగుకు మళ్లించడంతో 1960ల నుంచి అది కుంచించుకుపోయి ముక్కలైంది. ఉత్తర ముక్కకూ దక్షిణ ముక్కకూ మధ్య 2005లో కోక్‌అరల్ ఆనకట్ట పూర్తయింది. ఆ తర్వాతి చిత్రాల్లో ఉత్తర భాగం నీటిమట్టం పెరిగి నిలబడింది. దక్షిణాన తూర్పు భాగం 2014లో పూర్తిగా ఎండిపోయి కనిపించింది. పక్కపక్కనే ఉన్న రెండింటి గతులు ఇంతగా విడిపోతే, వాతావరణం ఒక్కటే కారణమని ఎవరూ అనలేరు. ఉత్తర భాగం ఒక్కదాన్నే చూసినా, దక్షిణ భాగం ఒక్కదాన్నే చూసినా ఇంత గట్టిగా మాట్లాడే వీలుండేది కాదు.

మబ్బు తొలగని రోజుల్లో

వరద వచ్చినప్పుడు సెంటినెల్-2 తెరిస్తే తెల్లటి మబ్బు తప్ప ఏమీ ఉండదు. అప్పుడు రాడార్ కావాలి. రాడార్ ఉపగ్రహం టార్చిలైటు పట్టుకుని తిరిగే మనిషి లాంటిది. సూర్యుడితో పనిలేదు, తన తరంగాలను తనే పంపి తిరిగి వచ్చినవి కొలుచుకుంటుంది. మబ్బులోంచి, రాత్రిపూట కూడా చూస్తుంది. సెంటినెల్-1 ఇలాంటిదే. మొదటిది 2014లో వెళ్లింది. దాని జత 2021 డిసెంబరులో పాడవడంతో కొన్నేళ్లు చిత్రాలు పల్చబడ్డాయి. 2024 డిసెంబరులో కొత్తది వెళ్లింది. నాసా, ఇస్రో కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం నిసార్ 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి పైకి వెళ్లింది.

నిశ్చలంగా ఉన్న నీరు రాడార్ తరంగాన్ని అవతలి వైపుకు జార్చేస్తుంది కాబట్టి చిత్రంలో నల్లగా ఉంటుంది. వరదకు ముందు చిత్రం, వరద రోజు చిత్రం తీసుకుని కొత్తగా నల్లబడిన చోట్లు వెతకాలి. రెండూ ఒకే కక్ష్యవి, ఒకే దిశలో వెళ్తున్నప్పుడు తీసినవి అయి ఉండాలి. లేకపోతే చూసే కోణం మారి లేని తేడాలు పుడతాయి. గాలికి నీటి మీద అలలు లేస్తే నలుపు పోతుంది. తారు రోడ్లు, పొడి ఇసుక నీరు కాకపోయినా నల్లగా ఉంటాయి. చెట్ల కింద, ఇళ్ల మధ్య నిలిచిన నీరు నల్లగా కాక ఇంకా తెల్లగా మెరవొచ్చు. అంటే మనుషులు చిక్కుకునే చోట్లనే ఈ పద్ధతి బలహీనం. సహాయక బృందాలకు మ్యాపు ఇచ్చేటప్పుడు ఈ మాట మ్యాపు మీదే రాయాలి.

మంట, గాలి, వేడి, భూగర్భజలం

మంటలకు నాసా వాళ్ల ఫర్మ్స్ వెబ్‌సైటు చూడండి. అది వాడే ఉపగ్రహాల్లోని విర్స్ పరికరం పిక్సెల్ 375 మీటర్లు. ఉపగ్రహం దాటిన సుమారు మూడు గంటల్లో మంట కనబడిన చోట్ల మ్యాపు మీద చుక్కలు వస్తాయి. ఆ చుక్క పిక్సెల్ మధ్యలో పెట్టింది, మంట సరిగ్గా అక్కడే ఉందని కాదు. ఒక్క పిక్సెల్‌లో 14 హెక్టార్లుంటాయి, అందులో ఎన్నో పొలాలు. చుక్కను చూసి ఒక రైతు ఇంటికి నోటీసు పంపడం అన్యాయం. ఈ ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్లీ అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో వెళ్తాయి. సాయంత్రం అంటించి ఆరిపోయిన మంట లెక్కలోకి రాదు. చుక్కలు తగ్గాయంటే మంటలు తగ్గాయనే అనుకోకండి. కాలిన విస్తీర్ణాన్ని సెంటినెల్-2తో విడిగా కొలిచి సరిచూడండి.

గాలికి సెంటినెల్-5పి. నైట్రోజన్ డయాక్సైడ్‌ను సుమారు 5.5 × 3.5 కిలోమీటర్ల గళ్లలో చూపిస్తుంది. అది నేల నుంచి పైదాకా ఉన్న గాలి స్తంభం మొత్తంలో ఉన్న పరిమాణం. మన ముక్కు దగ్గరి గాఢతకు దాన్ని నేరుగా పెట్టి, ప్రమాణం దాటిందా లేదా అనడం కుదరదు. ఏ నెలలో ఎక్కువ, ఏ దిక్కున ఎక్కువ, కొన్నేళ్లలో పెరిగిందా అన్నవాటికి బాగుంటుంది. డేటాతోపాటు వచ్చే నాణ్యత విలువ 0.75 కన్నా తక్కువ ఉన్న పిక్సెళ్లు పక్కన పెట్టేయండి.

ల్యాండ్‌శాట్ ఇచ్చే వేడి పైకప్పుల, రోడ్ల, నేల ఉపరితలానిది. వాతావరణ శాఖ చెప్పే గాలి ఉష్ణోగ్రత కాదు. "మా వీధిలో 52 డిగ్రీలు" అని రాయకండి. పక్క వీధి కన్నా ఎంత ఎక్కువ అన్నది రాయండి.

భూగర్భజలానికి 2017 వరకు గ్రేస్ ఉపగ్రహాలు ఉండేవి, 2018 నుంచి వాటి వారసులు గ్రేస్-ఎఫ్‌ఓ ఉపగ్రహాలు ఉన్నాయి. అవి భూమి గురుత్వాకర్షణలో తేడాలను కొలుస్తాయి. 2009లో వచ్చిన అధ్యయనంలో రాడెల్, వెలికోన్యా, ఫామిలియెట్టి 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు రాజస్థాన్, పంజాబ్, హరియాణా ప్రాంతంలో 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం పోయిందని లెక్కగట్టింది గ్రేస్‌తోనే. కానీ అవి చూడగలిగేది వందల కిలోమీటర్ల మేర ఉన్న ప్రాంతాలను మాత్రమే. ఒక మండలానికో, గ్రామానికో గ్రేస్ మ్యాపు ఎవరైనా చూపిస్తే నమ్మకండి. అక్కడ బావిలో తాడు దించి కొలవడమే నయం.

నేల మీదికి వెళ్లడం

మ్యాపులో నీరు అన్నచోట్ల కొన్ని, నేల అన్నచోట్ల కొన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుని వెళ్లి చూడండి. ఒక్కో రకానికి 50 అని సాధారణంగా చెబుతారు. మనిషి వెళ్లలేని చోటును మరింత స్పష్టమైన చిత్రంలో చూసుకోవచ్చు. బండి వెళ్లే ఒడ్డునే అన్ని పాయింట్లూ తీసుకుంటే అటువైపు మ్యాపు గురించి మీకేమీ తెలిసినట్టు కాదు. సెంటినెల్ వచ్చే రోజు ముందే తెలుస్తుంది కాబట్టి, వెళ్లేది ఆ రోజుకు దగ్గరగా పెట్టుకోండి. ఫోను జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పుతుంది. సరిగ్గా ఒడ్డు గీత మీద నిలబడి పాయింటు తీసుకుంటే అది నీటి పిక్సెల్లో పడిందో నేల పిక్సెల్లో పడిందో చెప్పలేం. ఒక పిక్సెల్ లోపలికో బయటికో జరగండి.

చెరువు దగ్గర బతికేవాళ్లతో మాట్లాడండి. చేపలు పట్టేవాళ్లకు ఏ ఏడాది ఏ మూల లోతు పోయిందో తెలుస్తుంది. ఉపగ్రహానికి లోతు తెలియదు. పూడిక పేరుకుని సగం నీరు పోయినా, ఉపరితలం అంతే ఉంటే లెక్కలో ఏ మార్పూ రాదు. విస్తీర్ణం తగ్గలేదని రిపోర్టు రాసేముందు ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

ఇచ్చే కాగితం

ఒక పేజీ చాలు. పైన ప్రశ్న, కింద ఒక్క వాక్యంలో జవాబు. రెండు మ్యాపులు, ఒకే స్కేలులో, ఒకే రంగుల్లో. ఇంద్రధనుస్సు రంగులు వద్దు. నీరు, నేల, తెలియనివి, మూడు రంగులు చాలు. మబ్బు వల్ల తీసేసిన చోటు 'తెలియనివి'లో ఉండాలి. దాన్ని నేలలో కలపకూడదు. పక్క చెరువుల అంకెలు, ఆ ఏటి వర్షం, అటూ ఇటూ ఎంతో, ఎన్ని పాయింట్లు చూస్తే ఎన్ని సరిపోయాయో ఒక చిన్న పట్టికలో.

వాడే మాటలు చూసుకోండి. "2017 జనవరిలో నీరున్న 40 హెక్టార్లలో ఇప్పుడు కట్టడాలు కనబడుతున్నాయి" అని రాయొచ్చు. "ఆక్రమించారు" అని మాత్రం ఉపగ్రహం చెప్పలేదు. అది భూమి రికార్డులు చూసి తేల్చాల్సిన విషయం. ఆ ఒక్క పదం వల్ల మొత్తం కాగితాన్ని పక్కన పడేసే అవకాశం ఎదుటివాళ్లకు మీరే ఇచ్చినవాళ్లవుతారు.

పేజీ వెనక చిత్రాల పూర్తి గుర్తింపు పేర్లు, తేదీలు, వాడిన బ్యాండ్లు, థ్రెషోల్డ్ రాయండి. హద్దు ఫైలు, స్క్రిప్టు (లెక్క చేసిన కోడ్) జతచేయండి. ఇచ్చే ముందు, ఈ పని తెలిసిన ఇంకొకరికి ఆ వెనక పేజీ ఒక్కటే ఇచ్చి, అదే అంకె వస్తుందో లేదో చూడమనండి. రాకపోతే వెనక పేజీలో ఏదో రాయడం మరిచారన్నమాట. వచ్చే జనవరికి ఇదే స్క్రిప్టు మళ్లీ నడపండి. మధ్యలో థ్రెషోల్డ్ మార్చాల్సి వస్తే పాత సంవత్సరాలన్నీ కొత్త థ్రెషోల్డ్‌తో మళ్లీ లెక్కవేసి, పాత పట్టికను కొత్త తేదీతో మార్చి ఇవ్వండి.